జహీరాబాదు మీదుగా సెప్టెంబరు: హైదరాబాదు విముక్తి పోరాటంలో పాత బీదరు జిల్లా

వ్యాససంగ్రహం

హైదరాబాదు సంస్థాన ప్రజాపోరాట చరిత్ర తెలుగులో ఎక్కువగా నల్లగొండ, వరంగల్లు జిల్లాల చుట్టూ అల్లుకొని ఉంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రధాన దళం నడిచిన షోలాపూరు రహదారి, ఆ దారిలోని జహీరాబాదు, అది అప్పుడు భాగంగా ఉన్న బీదరు జిల్లా ఈ చరిత్రలో ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతాయి. సామ్రాజ్యం నుండి స్వాతంత్ర్యం పొందడమన్న మాటకు సంస్థానంలో ఉన్న పరస్పర విరుద్ధమైన అర్థాలను ఈ ప్రాంతం ఆధారంగా పరిశీలించడం, సైనిక విజయం తరువాతి పరిణామాలను అదే చరిత్రలో భాగంగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జహీరాబాదు, బీదరు జిల్లా, ఆపరేషన్ పోలో, పరమాధికారం, ఆంధ్రమహాసభ, సుందర్‌లాల్ కమిటీ, రాష్ట్రాల పునర్విభజన.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నుండి షోలాపూరు వెళ్ళే రహదారిలో సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న జహీరాబాదు నేడు సంగారెడ్డి జిల్లాలోని పట్టణం. 2016 వరకు మెదకు జిల్లాలోనిది. 1956 నవంబరు 1కి ముందు అది మెదకుది కూడా కాదు, బీదరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. ఈ చిన్న విషయాన్ని మరచిపోవడం వల్ల చరిత్ర రచనలో ఒక పెద్ద ఖాళీ ఏర్పడింది. మెదకు జిల్లా స్వాతంత్ర్యోద్యమం గురించి రాసేవారు 1930 నాటి జోగిపేట ఆంధ్రమహాసభతో మొదలుపెడతారు. అప్పుడు జహీరాబాదు ఆ జిల్లాలో లేదు గనుక వారికి కనిపించదు. బీదరు చరిత్ర రాసేవారు నేటి కర్ణాటక సరిహద్దుతో ఆగిపోతారు. వారికి కూడా కనిపించదు.

ఎర్రనేలల ఈ తాలూకాలో తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ ఒకే సంతలో వినిపించే భాషలు. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరాలయానికి వచ్చే భక్తులలో మూడు రాష్ట్రాలవారు ఉంటారు. ఇటువంటి చోట జరిగిన పోరాటాన్ని ఒక భాషాప్రాంతపు ఉద్యమంగా మాత్రమే చదవడం కుదరదు.

2. ఎవరి నుండి స్వాతంత్ర్యం?

వలసలు సామ్రాజ్యంతో పోరాడి గెలవడమన్నప్పుడు ప్రపంచ చరిత్రలో మొదట గుర్తుకు వచ్చేది అమెరికాలోని పదమూడు బ్రిటిషు వలసల ఉదంతం. అక్కడ విన్నపాలు ముందు, తిరుగుబాటు తరువాత. 1776లో ప్రకటన, 1778లో ఫ్రాన్సుతో పొత్తు, 1781లో యార్క్‌టౌన్ విజయం, 1783లో పారిస్ ఒప్పందం. రాజెవరో, తిరగబడినవారెవరో స్పష్టంగా ఉన్న కథ అది. హైదరాబాదులో ఆ స్పష్టత లేదు. అక్కడ సామ్రాజ్యం రెండు అంతస్తులుగా ఉండేది.

1798లో సైన్యసహకార ఒప్పందానికి లోబడిన నిజాం 1800లో నేటి రాయలసీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కోస్తా సర్కారులు అంతకుముందే కంపెనీ చేతికి వెళ్ళాయి. 1853లో బీరారును కంపెనీ నిర్వహణకు ఇవ్వవలసి వచ్చింది. ఈ విధంగా తెలుగువారిలో ఒక భాగం బ్రిటిషువారి ప్రత్యక్ష పాలనలోకి, మరొక భాగం బ్రిటిషు రెసిడెంటు నీడలో ఉన్న నిజాం పాలనలోకి విడిపోయింది. సంస్థాన ప్రజలకు పన్ను అడిగేది నిజాం అధికారి, జాగీర్దారు లేదా దేశ్‌ముఖ్. ఆ అధికారాన్ని కాపాడేది బ్రిటిషు సైన్యం. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ల నాయకత్వంలో రెసిడెన్సీపై జరిగిన దాడి పై అంతస్తును గురిపెట్టింది. దానిని అణచడంలో నిజాం ప్రభుత్వం బ్రిటిషువారికి తోడ్పడింది. అల్లావుద్దీన్‌ను అండమానుకు పంపారు. తప్పించుకున్న తుర్రేబాజ్ ఖాన్ 1859లో మెదకు ప్రాంతంలోని తూప్రాన్ దగ్గర హతుడయ్యాడు. రెండు అంతస్తులూ ఒకే కట్టడమని తేలిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

1947లో ఈ కట్టడం పై అంతస్తు కూలింది. భారత స్వాతంత్ర్య చట్టం ప్రకారం సంస్థానాలపై బ్రిటిషు పరమాధికారం ముగిసింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1947 జూన్‌లో వెలువరించిన ఫర్మానాలో, పరమాధికారం తొలగినప్పుడు తాను స్వతంత్ర సార్వభౌముడినవుతానని ప్రకటించాడు. ఆయన వాదం తర్కవిరుద్ధమైనదేమీ కాదు. సామ్రాజ్యం వెళ్ళిపోయింది గనుక దానికి లోబడిన రాజ్యం స్వతంత్రమైందని ఆయన అన్నాడు. ఆ వాదంలో లేనివారు ప్రజలు. సుమారు 82 వేల చదరపు మైళ్ళ విస్తీర్ణంలో, 1941 నాటికి కోటి అరవై లక్షలకు పైబడిన జనాభాతో ఉన్న సంస్థానంలో ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం ఒక్కనాడూ లేదు. అందుచేత 1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెసు ‘భారత్‌లో చేరిక దినం’ పాటించినప్పుడు స్వాతంత్ర్యమనే మాట ఇద్దరి చేతిలోనూ ఉంది. ఒకరిది బ్రిటిషు సామ్రాజ్యం నుండి సింహాసనానికి స్వాతంత్ర్యం, మరొకరిది సింహాసనం నుండి ప్రజలకు స్వాతంత్ర్యం. ఈ తేడాను విస్మరించిన రచనలలో నిజాం కేవలం మొండివాడుగా, కేవలం మతోన్మాదిగా చిత్రితుడవుతాడు. ఆ చిత్రం తేలిక, అయితే అది రాజ్యాంగ సమస్యను వివరించదు.

3. మూడు పరిషత్తుల నడుమ

సంస్థానంలో సగం మందికి దగ్గరగా తెలుగు మాట్లాడేవారే అయినా రాజభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచింది. ఒక దేశభాషలో ఉన్నత విద్య సాగించడం ఆ కాలానికి సాహసమే. అది ఎవరి దేశభాష అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. 1921 నవంబరు 12న హైదరాబాదులో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోయినప్పుడు ఎదురైన హేళన ఆంధ్రజన సంఘానికి కారణమైందన్నది సుప్రసిద్ధం. హేళన చేసినవారు ఉర్దూ పాలకులు కారు, మరాఠీ మాట్లాడే విద్యావంతులు. తెలుగు ఉద్యమానికి పురికొల్పు పాలకభాష నుండి మాత్రమే రాలేదని ఈ సంఘటన తెలుపుతుంది.

ఆ సంఘమే పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభగా సమావేశమైంది. సభలు జరుపుకోవడానికి ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసిన ‘గస్తీ నిషాన్ 53’ అమలులో ఉన్న రోజులవి. గ్రంథాలయం పెట్టుకోవడం, సభలో తెలుగులో మాట్లాడడం రాజకీయ చర్యలుగా మారిన పరిస్థితి. 1937లో మహారాష్ట్ర పరిషత్తు, కర్ణాటక పరిషత్తు కూడా రూపుదిద్దుకున్నాయి. మూడు భాషలకు మూడు సంస్థలు ఏర్పడడం నల్లగొండకు, ఔరంగాబాదుకు, రాయచూరుకు సరిపోయిన ఏర్పాటు. బీదరు జిల్లాకు అది అంతగా అమరలేదు. జిల్లా పడమటి తాలూకాలు ఉద్గీరు, అహమ్మద్‌పూరు, నిలంగా మరాఠీ ప్రాంతాలు. నడుమ బీదరు, భాల్కీ, హోమ్నాబాదు కన్నడ ప్రాంతాలు. తూర్పున జహీరాబాదు, నారాయణఖేడు తెలుగు ప్రాంతాలు. ఏ పరిషత్తుకైనా ఈ జిల్లా సరిహద్దే అయింది.

అందువల్ల ఇక్కడ భాషాతీతమైన సంస్థల పాత్ర పెద్దది. ఆర్యసమాజం వాటిలో ఒకటి. ఉద్గీరుకు చెందిన భాయి శ్యామ్‌లాల్ 1938లో బీదరు జైలులో మరణించడం 1938–39 నాటి ఆర్యసమాజ సత్యాగ్రహానికి ఊపునిచ్చింది. అదే 1938లో స్టేట్ కాంగ్రెసు ఏర్పడీ ఏర్పడకముందే నిషేధానికి గురైంది. 1946 దాకా ఆ నిషేధం తొలగలేదు. బహిరంగ రాజకీయానికి దారి మూసినచోట మతసంస్థల వేదికలే రాజకీయ వేదికలయ్యాయి. ఇత్తెహాదుల్ ముసల్మీన్ ఎదుగుదల దీనికి సమాంతరం. 1944లో బహాదూర్ యార్ జంగ్ మరణించాక ఆ సంస్థ క్రమంగా కాశిం రజ్వీ చేతికి వచ్చింది. రజ్వీ న్యాయవాదిగా స్థిరపడినది బీదరు పొరుగునే ఉన్న లాతూరులో. పౌరరాజకీయాలను అణచివేసిన ప్రభుత్వమే రెండు మతాల సమీకరణకు నేల దున్నిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

భూమి సంగతి వేరుగా చెప్పుకోవాలి. సంస్థానపు భూమిలో ఇంచుమించు 40 శాతం దివానీ పాలన వెలుపల, అంటే నిజాం సొంత సర్ఫేఖాస్ కింద, పాయిగాల కింద, జాగీర్ల కింద ఉండేది. బీదరు జిల్లాలో పాయిగా, జాగీరు గ్రామాలు గణనీయంగా ఉన్నాయి. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో దేశ్‌ముఖుల వెట్టికి వ్యతిరేకంగా 1946 నుండి సాయుధ పోరాటం చెలరేగింది. 1944 భువనగిరి ఆంధ్రమహాసభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షత నాటికే సంస్థ వామపక్షానికి మొగ్గింది. పడమటి జిల్లాలలో అంతటి రైతాంగ నిర్మాణం ఏర్పడలేదు. ఇక్కడి పోరాటం సత్యాగ్రహాలు, రహస్య పత్రాలు, షోలాపూరు వైపు సరిహద్దు శిబిరాల రూపంలో సాగింది. ‘ప్రజల మనిషి’, ‘చిల్లరదేవుళ్ళు’ వంటి నవలలు రైతాంగ జీవితాన్ని తెలుగు పాఠకుడి స్మృతిలో నిలిపాయి. జహీరాబాదు ప్రాంతానికి అటువంటి సాహిత్య భాగ్యం దక్కలేదు. చరిత్ర రచనలో దాని మౌనానికి ఇది కూడా ఒక కారణం.

4. 1948: రహదారి, పారిస్

1947 నవంబరు 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య ఏడాదికి యథాతథ ఒప్పందం కుదిరింది. దానిని ఇరుపక్షాలూ ఊపిరి తీసుకునే గడువుగానే వాడుకున్నాయి. మీర్ లాయక్ అలీ ప్రధానమంత్రి అయ్యాడు. భారత ఏజెంట్ జనరలుగా కె.ఎం. మున్షీ వచ్చాడు. ఆస్ట్రేలియా విమానచోదకుడు సిడ్నీ కాటన్ కరాచీ నుండి ఆయుధాలు చేరవేశాడు. గ్రామాలపై రజాకార్ల దాడులు తీవ్రమయ్యాయి. నేటి బీదరు జిల్లా బసవకల్యాణ తాలూకాలోని గోర్టా గ్రామంలో 1948 మే నెలలో జరిగిన సామూహిక హత్యాకాండ పడమటి జిల్లాల స్మృతిలో చెరగని గాయం. ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు నగరంలో హత్య చేశారు. భారత్‌లో విలీనాన్ని సమర్థించిన ముస్లిం పాత్రికేయుడాయన. రజాకార్ల హింసను మతయుద్ధంగా మాత్రమే చూపే కథనాలు షోయబుల్లా పేరు దగ్గర తడబడతాయి.

సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఆధ్వర్యంలో ప్రధాన దళం షోలాపూరు వైపు నుండి సంస్థానంలోకి ప్రవేశించింది. నల్‌దుర్గ్ ఆనాడే చేజిక్కింది. 14న రాజేశ్వర్ వరకు వచ్చింది. 16వ తేదీ తెల్లవారుజామున లెఫ్టినెంట్ కర్నల్ రామ్‌సింగ్ నాయకత్వంలోని దళం జహీరాబాదు వైపు కదిలింది. దారిలో పాతిన మందుపాతరలను తొలగించడానికి సమయం పట్టింది. బీదరు నుండి వచ్చే రోడ్డు షోలాపూరు రహదారిలో కలిసే చోట మాటు వేసిన వారి కాల్పులు ఎదురయ్యాయి. కొంత బలగాన్ని అక్కడ ఉంచి మిగిలిన దళం ముందుకు సాగింది. ఊళ్ళ గుండా వెళ్ళేటప్పుడు ప్రతిఘటించినవారిలో అధికులు రజాకార్లే. భూమి ఎగుడుదిగుళ్ళను ఆసరాగా చేసుకొని వారు కొంతసేపు నిలిచారు గాని, 75 మి.మీ. ఫిరంగులు రంగంలోకి వచ్చాక ఆ ప్రతిఘటన నిలవలేదు. చీకటి పడే వేళకు దళం జహీరాబాదు దాటి సుమారు 15 కిలోమీటర్లు వెళ్ళింది. మరునాడు ఉదయం బీదరు స్వాధీనమైంది. 17వ తేదీ సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు.

జహీరాబాదు దగ్గర ఫిరంగులు మోగిన ఆ సెప్టెంబరు 16వ తేదీనే పారిస్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ‘హైదరాబాదు సమస్య’ను ఎజెండాలోకి తీసుకుంది. నిజాం పక్షాన మొయిన్ నవాజ్ జంగ్, భారత్ పక్షాన ఆర్కాటు రామస్వామి మొదలియారు హాజరయ్యారు. హైదరాబాదు సార్వభౌమ రాజ్యమా కాదా అన్నదే అక్కడి ప్రశ్న. ఆ ప్రశ్నపై వాదం మొదలయ్యేనాటికి దళం రాజధానికి వంద కిలోమీటర్ల లోపే ఉంది. నిజాం సెప్టెంబరు 22న ఫిర్యాదును ఉపసంహరించుకున్నట్లు తంతి పంపాడు. నిజాం ‘స్వాతంత్ర్యం’ అంతర్జాతీయ వేదికపై విచారణకు నిలిచిన కాలం ఆరు రోజులు.

ఈ సైనికచర్యను ‘పోలీసు చర్య’ అని పిలవడంలో న్యాయపరమైన ఉద్దేశం ఉంది. యుద్ధమంటే ఎదుట మరొక రాజ్యం ఉన్నట్లు అంగీకరించడమవుతుంది. పోలీసు చర్య అంటే అంతర్గత వ్యవహారం. టాంకులు, విమానాలు పాల్గొన్న చర్యకు ఈ పేరు నిలిచిపోవడం పరిభాష శక్తికి మంచి ఉదాహరణ. ఉర్దూ రచనలలో దీనికి ‘సుఖూతె హైదరాబాద్’, అనగా హైదరాబాదు పతనం, అన్న వ్యవహారం ఉంది. మున్షీ తన గ్రంథానికి ‘ఒక యుగాంతం’ అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు, లాయక్ అలీ ‘హైదరాబాదు విషాదం’ అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు. ఒకే వారం గురించి రాసిన రెండు పుస్తకాలవి.

5. విజయానికి రెండవ వైపు

ఇక్కడ తెలుగు చరిత్ర రచన సాధారణంగా ఆగిపోతుంది. ఆగవలసిన చోటు అది కాదు. ప్రధాని నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 చివరలో సంస్థానంలోని 16 జిల్లాలలో తొమ్మిదింటిలో పర్యటించారు. సైనికచర్య సమయంలోనూ ఆ తరువాతా సంస్థానమంతటా కనీసం 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని వారు అంచనా వేశారు. మృతులలో అత్యధికులు ముస్లింలు. మిక్కిలి నష్టపోయినవిగా పేర్కొన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. ఈ నాలుగింటిలోనే 18 వేలకు తగ్గకుండా మరణించి ఉంటారని నివేదిక పేర్కొంది. తరువాతి వరుసలో మెదకు పేరు కూడా ఉంది. దశాబ్దాల పాటు బహిరంగం కాని ఈ నివేదిక 2013లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది.

నష్టపోయిన జిల్లాలలో మూడు షోలాపూరు రహదారికి ఇరువైపులా ఉన్నవే. అప్పటికి జహీరాబాదు బీదరు జిల్లాలోని తాలూకాయే గనుక, దానిని విముక్తి మార్గంలోని మజిలీగా రాసేవారు ఈ జిల్లాపట్టికను పక్కకు నెట్టడానికి వీలులేదు. అంచనా సంఖ్యలపై చర్చ ఉండవచ్చు, ఉండాలి కూడా. కమిటీ సభ్యులు జనగణన చేయలేదు, సాక్ష్యాలు విన్నారు. పర్యటించింది కొన్ని నెలల తరువాతనే. అయినా, ప్రభుత్వం స్వయంగా పంపినవారు రజాకార్ల అత్యాచారాలను గుర్తిస్తూనే చెప్పిన మాటలవి. వాటిని నిజాం పక్ష ప్రచారంగా కొట్టివేయడం సాధ్యం కాదు.

ఆ నివేదికలోనే తక్కువగా ప్రస్తావనకు వచ్చే మరొక అంశం ఉంది. ఒకే వృత్తిలో ఉన్నవారి నడుమ సంఘీభావం కనిపించిందని, కొన్నిచోట్ల హిందూ నేతపనివారు ముస్లిం నేతపనివారిని దాడుల నుండి కాపాడారని, ఆ క్రమంలో ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారని సభ్యులు నమోదు చేశారు. గోర్టాను, ఈ నేతపనివారిని, షోయబుల్లాను ఒకే పుటలో ఉంచగల చరిత్ర ఇంకా తెలుగులో రావలసి ఉంది. గోర్టాను మాత్రమే చెప్పేవారు ఉన్నారు, సుందర్‌లాల్ నివేదికను మాత్రమే చెప్పేవారూ ఉన్నారు. ఇరువురి దగ్గరా ఆధారాలున్నాయి. ఒకరి ఆధారాన్ని మరొకరు చదవకపోవడమే ఇబ్బంది.

పాలనాపరంగా మార్పు వేగంగా వచ్చింది, అయితే అది అసమానం. 1949లో సర్ఫేఖాస్ దివానీలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. నిజాం మాత్రం 1950 జనవరి 26 నుండి రాజప్రముఖుడుగా కొనసాగాడు. ప్రజలు ఎన్నుకున్న తొలి ప్రభుత్వం 1952లో బూర్గుల రామకృష్ణారావు నాయకత్వంలో ఏర్పడింది. అంటే కాల్పుల విరమణకూ ప్రజాప్రభుత్వానికీ మధ్య మూడున్నరేళ్ళు సైనిక, అధికారుల పాలన నడిచింది. తెలంగాణ సాయుధ పోరాటం ఆగింది కూడా 1951 అక్టోబరులోనే. 1948 సెప్టెంబరు 17ను పోరాటం ముగిసిన రోజుగా రాయడం నల్లగొండ రైతు దృష్టిలో సరికాదు, బీదరు ముస్లిం చేతివృత్తిదారు దృష్టిలోనూ సరికాదు.

6. ఒక జిల్లా, మూడు రాష్ట్రాలు

1956 నాటి రాష్ట్రాల పునర్విభజన చట్టం పాత బీదరు జిల్లాను మూడుగా చీల్చింది. అహమ్మద్‌పూరు, నిలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్ళాయి. జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు, బీదరు తాలూకాలోని న్యాలకల్ సర్కిలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. మిగిలినది మైసూరుకు దక్కింది. భాష ప్రాతిపదిక కావడం వల్ల కోత తాలూకా స్థాయిలోనూ ఆగలేదు. జహీరాబాదు తాలూకాలోని నిర్ణా సర్కిలును విడదీసి మైసూరులోనే ఉంచారు.

ఫలితంగా ఒకే జిల్లా, ఒకే వారంలో అనుభవించిన సంఘటనకు నేడు వేరువేరు అధికారిక నామాలున్నాయి. ఉద్గీరులో సెప్టెంబరు 17 ‘మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం’. బీదరులో అది విమోచన దినంగా ఉండి, 2019లో ఆ ప్రాంతం పేరే కల్యాణ కర్ణాటకగా మారినప్పుడు ‘కల్యాణ కర్ణాటక ఉత్సవం’ అయింది. జహీరాబాదులో ఏ పేరు పలకాలన్నది ఎవరు అధికారంలో ఉన్నారన్న దానిమీద ఆధారపడింది. ఉమ్మడి రాష్ట్రంలో చాలాకాలం ప్రభుత్వపరమైన ఉత్సవమే లేదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ‘జాతీయ సమైక్యతా దినోత్సవం’ అన్నది, అదే రోజు కేంద్రం ‘హైదరాబాద్ విమోచన దినోత్సవం’ జరిపింది. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారాక ‘ప్రజాపాలన దినోత్సవం’ వచ్చింది. 2023 మార్చిలో గోర్టాలో స్మారకం ఆవిష్కృతమైంది. సుందర్‌లాల్ నివేదికలోని మృతులకు ఈ రోజులలో దేనిలోనూ చోటు లేదు.

పరిశోధకుడికి ఈ చీలిక వల్ల కలిగే ఇబ్బంది ఉత్సవాల పేర్లతో ముగియదు. జహీరాబాదు తాలూకా 1948 నాటి చరిత్ర రాయాలంటే ఉర్దూలోని రెవెన్యూ, పోలీసు దస్త్రాలు చదవాలి, మరాఠీలోని సరిహద్దు శిబిరాల జ్ఞాపకాలు చూడాలి, కన్నడంలోని బీదరు జిల్లా రచనలు చూడాలి. తెలుగు శాఖలలో ఉర్దూ చదవగల పరిశోధకులు అరుదు. సేత్వారు, పహాణీ, ముంతఖబ్, ఫైసల్‌పట్టీ వంటి మాటలు జహీరాబాదు రైతు నాలుకపై నేటికీ ఉన్నాయి. ఆ మాటలు రాసి ఉన్న పాత కాగితాలను చదివించుకోవడానికి మాత్రం అతడు ఉర్దూ వచ్చిన పెద్దమనిషిని వెదుక్కోవలసి వస్తున్నది.